ముత్యం ముందుకాళ్ళ బేరం

ఒక గుర్రానికి వెనక రెండు కాళ్ళకు ఇనుప నాడాలు ఉంచి, ముందు రెండు కాళ్ళకు పీకించిన మేధావిని మీరెప్పుడైనా చూశారా? చిక్కడపల్లి వస్తే చూడవచ్చు. మెయిన్ రోడ్డు మీద పెళ్ళి సామాన్ల దుకాణంలో, వేలాడే తలపాగాల కింద, తిరగని ఫ్యాను కేసి చూస్తూ కూర్చుని ఉంటాను. నా తెలివి వల్ల ఒక ఊరేగింపు నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఒక కొత్త ఆఫీసరు గారు మొదటిసారి తొడిగిన బూట్లతో బురదలో నడిచారు. ఒక బ్యాండు మేళం ఒకే పాటను పదకొండుసార్లు వాయించింది. ఇదంతా చెప్పి మిమ్మల్ని నవ్విద్దామనే మొదలుపెట్టాను. అయితే ఆ రోజు పోయినవాటిలో ఒకటి మాత్రం తిరిగి రాలేదు. అక్కడికి వచ్చేసరికి మీకు నవ్వు రాకపోతే నేనేమీ అనుకోను. నాకూ రాదు.

ముందు నా సంగతి కొంచెం వినండి. మాది దుకాణాల ఇల్లు. తాతది కిరాణం, పెద్దనాయినది స్టీలు సామాన్లు, మా నాయినది పెళ్ళి సామాన్లు. నాకు బేరం ఎవరూ నేర్పలేదు, పుట్టుమచ్చలా వచ్చింది. ఆటో ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఇంకోసారి బేరమాడేవాణ్ణి. డాక్టరు పది రోజుల మందులు రాస్తే ఏడు రోజులకు అడిగేవాణ్ణి. డిగ్రీ పాసైతే గుళ్ళో నూటఎనిమిది ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకుని, పాసయ్యాక దేవుడితో కూర్చుని మాట్లాడి యాభైనాలుగుకు తెగ్గొట్టుకున్నాను. ఆయన కాదనలేదు. అప్పట్లో దాన్ని ఒప్పుకోవడం అనే అనుకున్నాను.

నాకు తెలిసిన శాస్త్రం ఒక్కటే. వాడొక మాట చెబుతాడు, వీడొక మాట చెబుతాడు, న్యాయం సరిగ్గా రెంటి మధ్యన ఉంటుంది. చీరల దగ్గర ఇది తప్పలేదు, స్టీలు బిందెల దగ్గర తప్పలేదు. కాబట్టి గుర్రం దగ్గర కూడా తప్పదనుకున్నాను.

గుర్రం యాదగిరి మామది. వరసకు మామ కాదు, మా నాయినతో కలిసి బడికి పోయినవాడు. ఒంటరి మనిషి. అశోక్‌నగర్‌లో మురుగు నాలా పక్కన రేకుల షెడ్డు, కింద సిమెంటు నేల, అందులో ఆయన మంచం, మంచం పక్కన తెల్లటి ఆడగుర్రం. పేరు ముత్యం. మామకు భూమి మీద ఉన్నది ఆ ఒక్క ప్రాణమే, బతుకు తెరువూ అదే. ఈ చుట్టుపక్కల పదేళ్ళలో పెళ్ళికొడుకులైన వాళ్ళ ఫోటోలు తీసి చూడండి, సగం ఫోటోల్లో కింద ముత్యం ఉంటుంది. నిజం చెప్పాలంటే చాలా ఫోటోల్లో పెళ్ళికొడుకు కంటే ఆమే బాగా పడింది.

బుకింగులన్నీ మా దుకాణం నుంచే. అందుకని ముత్యానికి మా దుకాణం అత్తారింటి లెక్క. ఎటు పోతున్నా మా మెట్టు దగ్గర ఆగేది. కుడి ముందుకాలు ఎత్తి నాడాతో మెట్టు మీద టక్ మని ఒక్కటి కొట్టేది. అంటే బెల్లం ఇమ్మని. నా చొక్కా జేబులో బెల్లం ముక్క ఎప్పుడూ ఉండేది. ఆలస్యం చేస్తే ఇంకో టక్. అంతకంటే ఎక్కువ అడిగేది కాదు. బేరం లేదు, గొడవ లేదు.

ఆ ఏడు మూఢమూ ఆషాఢమూ ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. మూడు నెలలు ముహూర్తాలు లేవు. మా తలపాగాలు దుమ్ము పట్టాయి, ముత్యం షెడ్డులో నిలబడి ఉలవలు నములుతోంది. అప్పుడు ఖాజా భాయ్ వచ్చాడు. గుర్రాలకు నాడాలు కొట్టే నాల్‌బంద్. ముప్ఫై ఏళ్ళుగా గుర్రాల కాళ్ళ దగ్గర వంగి వంగి, మనుషులతో కూడా వంగే మాట్లాడే మనిషి. ఆ రోజు నేను షెడ్డుకు వెళ్ళకపోయి ఉంటే ఈ కథే లేదు. వెళ్ళాను.

"నాలుగు తీసేద్దాం యాదన్నా," అన్నాడు ఖాజా భాయ్. "మూడు నెలలు పని లేదు. గిట్టలు జర ఊపిరి పీల్చుకుంటయ్. కానీ సిమెంటు మీద ఉంచొద్దు. అంబర్‌పేట్ల మా బావమర్ది జాగా ఉంది, మంచి మట్టి నేల. ఆడ వదిలెయ్. నెలకోసారి నేనొచ్చి ఆకురాయి పట్టి గిట్టలు సాపు చేస్తా."

"దాన్ని అంబర్‌పేట్ల పెట్టి నేనీడ పండుకోవాల్నా?" అన్నాడు మామ. "నాతోని కాదు భాయ్. అది నా కాడనే ఉంటది. నా కాడుంటే సిమెంటు, రోడ్డు. గట్లయితే నాడాలు ఉండాలె. నాలుగూ ఉంచు. పెరిగిన గిట్ట కోసి మళ్ళ కొట్టు."

"ఉంచితే నెలన్నరకోసారి తీసి కొట్టాలె."

"కొట్టు. ఎవలొద్దన్నరు?"

ఇప్పుడు తెలుస్తోంది, ఇద్దరిదీ సరైన మాటే. తీస్తే మట్టి నేల కావాలి, ఉంచితే ఎప్పటికప్పుడు తీసి కొట్టాలి. దారులు రెండు, రెండూ మంచివే. నేను ఆ రెండింటి మధ్య ఉన్న డివైడర్ ఎక్కాను.

"ఆగుండ్రి," అన్నాను, జడ్జి లాగా చెయ్యెత్తి. "నాలుగు తియ్యాలంటడు ఆయన. నాలుగు ఉంచాలంటవు నువ్వు. రెండు తీద్దాం, రెండు ఉంచుదాం. ఖతం."

 ముత్యం నమలడం ఆపింది.

"సేఠ్," అన్నాడు ఖాజా భాయ్ మెల్లగా, "ఇది గుర్రం. హాఫ్ అంటివి, ఫుల్ అంటివి, ఇదేమన్న బిర్యానీనా?"

"ఎక్కడా ఎవరూ గట్ల చెయ్యరా?"

అతడు అబద్ధం ఆడలేని మనిషి. అదే నాకు కలిసొచ్చింది. "చేస్తరు కొందరు. కానీ వెనకవి తీసి, ముందువి ఉంచుతరు. బరువంతా ముందుకాళ్ళ మీదనే పడతది. తీస్తే వెనకవి తియ్."

"ముందువే తీద్దాం," అన్నాను.

ఎందుకు అంటారా? చెబుతాను, కానీ చెప్పేటప్పుడు నా మొహం చూడకండి. అంతకు వారం ముందు దుకాణానికి నరేశ్ అనే కుర్రవాడు వచ్చాడు. నాగర్‌కర్నూల్ దిక్కు ఊరు, అశోక్‌నగర్‌లో హాస్టలు, నాలుగేళ్ళుగా గ్రూప్స్ చదువు. "అన్నా, గుర్రపు నాడా దొరుకుతదా? తలుపుకు కొడితే కలిసొస్తదట. ఈసారి రాకుంటే ఊరికి పోయి ట్రాక్టర్ నడుపుకొమ్మంటున్నరు ఇంట్ల." ఆ మాట విన్నప్పటి నుంచి నా బుర్రలో అశోక్‌నగర్ హాస్టళ్ళన్నీ, వాటి తలుపులన్నీ, ఒక్కో తలుపుకు ఒక్కో నాడా కనిపిస్తున్నాయి. గుర్రం ముందుకాళ్ళ నాడాలు గుండ్రంగా, అందంగా ఉంటాయి. వెనకవి కోలగా దోసకాయల్లా ఉంటాయి. దోసకాయను తలుపుకు ఎవరు కొట్టుకుంటారు?

"ముందువి ఎక్కువ అరిగినయ్ భాయ్," అన్నాను, ఏదో తెలిసినవాడిలా.

మామ నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం ఉంది. కానీ ఆయన నోటి నుంచి వచ్చింది వేరు. "నువ్వు చదువుకున్నోనివి బిడ్డా. దాని దాణా నీ దుకాణం మీదనే వస్తది. నువ్వెట్లంటే గట్లనే."

ఆ మాటను నేను గెలుపు అనుకున్నాను. ఆ ఊపులో ఖాజా భాయ్ నెలకోసారి వస్తానన్నది రెండు నెలలకోసారికి తెగ్గొట్టాను. అంబర్‌పేట్ మట్టిని అసలు లెక్కలోంచే తీసేశాను. ఖాజా భాయ్ రెండు నాడాలు పీకి నా చేతిలో పెట్టి, సంచీ సర్దుకుని, ముత్యం మెడ మీద ఒకసారి చెయ్యేసి వెళ్ళిపోయాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. బేరంలో ఓడినవాడు అలాగే పోతాడని సంబరపడ్డాను.

ఒక నాడాను నరేశ్‌కు అమ్మాను. వాడు నేను చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చేశాడు. బేరమాడని మనిషిని చూసి జాలిపడాలి కదా? నేను ఇంకొంచెం ఎక్కువ చెప్పాల్సిందని ఆ పూటంతా బాధపడ్డాను. రెండోదాన్ని దుకాణం తలుపుకు వేలాడదీసి దాని ధర ఎంత పెంచానంటే, అందరూ దాన్ని చూసి వెళ్ళిపోయారు, నాడా మాత్రం తలుపుకే ఉండిపోయింది.

నెల తిరగకుండానే నరేశ్‌కు ఉద్యోగం వచ్చింది. మామూలు ఉద్యోగం కాదు, ఆఫీసరు. అశోక్‌నగర్ గల్లీలు ఊగిపోయాయి. వాడు చదివిన కోచింగ్ సెంటరు సారు చెమటలు కక్కుతూ దుకాణానికి వచ్చారు. "మా పిల్లగాన్ని గుర్రం మీద ఊరేగించాలె. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి మీదుగ నారాయణగూడ దాక. బ్యాండు మేము చూసుకున్నం, గుర్రం మీది."

ముహూర్తం లేని నెలలో గిరాకీ! నేను సంతోషం దాచుకోవడానికి దగ్గాను.

షెడ్డుకు పోయి చెబితే మామ తల అడ్డంగా ఊపాడు. "ముందుకాళ్ళకు నాడాలు లేవు బిడ్డా. సిమెంటు మీదనే ఒక్కోపాలి జర చూసుకుంట కాలేస్తున్నది. రోడ్డెక్కితే ఎట్ల?"

"జర దూరమే మామా. పెళ్ళి కాదు, ఏం కాదు."

"ఖాజాను పిలుస్తా. రెండు కొట్టిపిద్దాం."

"ఇయ్యాల కొట్టిపిచ్చి రేపు మళ్ళ పీకిపియ్యాల్నా? పూలు కట్టు నువ్వు, నేను చూసుకుంట."

పూలు కట్టాడు. ముత్యం నుదుటికి ముత్యాల పట్టీ, మెడలో బంతిపూలు, నోటికి ఎర్ర కళ్ళెం. పైన నరేశ్, నా దుకాణం తలపాగాతో, గవర్నమెంటు మొత్తం తన మీదే ఎక్కి కూర్చున్నట్టు బిగుసుకుపోయి.

సాయంత్రం నాలుగింటికి బయలుదేరాం. వాన వెలిసిన రోడ్డు. ముందు బ్యాండు, వెనక వందమంది హాస్టలు పిల్లలు. ముత్యం నడుస్తుంటే వెనకకాళ్ళు టక్ టక్ మంటున్నాయి, ముందుకాళ్ళు ఏమీ అనడం లేదు. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు వేసుకుని పరేడు చేస్తున్న పోలీసు లాగా ఉంది ఆ చప్పుడు. నాకు నవ్వొచ్చింది. మామకు రాలేదు.

చిక్కడపల్లిలో పైపుల కోసం రోడ్డు తవ్వి, పూడ్చామని పేరుకు కంకర పోసి వెళ్ళారు. ఆ కంకర మీదుగానే పోవాలి. అది దాటాక మా దుకాణం. ముత్యం అలవాటు ప్రకారం మెట్టు దగ్గర ఆగింది. కుడి ముందుకాలు ఎత్తి కొట్టింది. టక్ మనలేదు. దప్ మని మెత్తగా ఒక తడి శబ్దం. వెంటనే కాలు వెనక్కి తీసుకుని నా వైపు చూసింది. నేను నరేశ్ పక్కన నిలబడి ఫోన్లకు మొహం చూపించే పనిలో ఉన్నాను. బెల్లం జేబులోనే ఉంది. ఇవ్వడం మరిచిపోయాను.

రెండో టక్ కొట్టలేదామె. నడిచింది.

నారాయణగూడ చౌరస్తా దగ్గర, మెట్రో స్తంభం పక్కన, ఇక నడవలేదు. కుడికాలు ముందుకు చాపి, మొన మాత్రం నేలకు ఆనించి, మెడ దించి నిలబడింది. అటు హిమాయత్‌నగర్ దాకా, ఇటు చిక్కడపల్లి దాకా హారన్లు.

"అన్నా, ఇది కదుల్తలేదు," అన్నాడు పైనుంచి నరేశ్.

"ఏమైందయ్యా?" అన్నారు కోచింగ్ సారు.

"సెల్ఫ్ కొట్టన్నా, సెల్ఫ్!" అని అరిచాడు ఒక ఆటో అతను. "లేకుంటే కిక్ కొట్టు!"

జనం నవ్వారు. బ్యాండువాళ్ళకు ఏం చేయాలో తోచక పాట మళ్ళీ మొదలుపెట్టారు. నాలుగోసారి. ఐదోసారి. నేను "జర బెల్లం చూపిద్దాం, నడుస్తది," అంటూ జేబు తడుముకుంటున్నాను.

మామ ముందుకు వచ్చాడు. తడిరోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కాలు ఎత్తి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. గిట్ట అంచు పెళ్ళలుగా ఊడిపోయింది. అడుగున కంకరరాయి ఒకటి దిగబడి ఉంది. దాని చుట్టూ ఎర్రగా. మామ దాన్ని వేలితో తీశాడు. ముత్యం ఒళ్ళంతా వణికింది, కాలు మాత్రం గుంజుకోలేదు. ఆయన ఒడి కదా.

తర్వాత మామ తన రబ్బరు చెప్పులు విప్పాడు. ఒకటి ఆ గిట్ట కింద పెట్టి, భుజం మీది తువ్వాలు చింపి కట్టాడు. రెండో చెప్పు రెండో గిట్టకు. గుర్రానికి హవాయి చెప్పులు! జనానికి ఇంతకంటే ఏం కావాలి? ఈలలు, నవ్వులు, ఫోటోలు. బ్యాండు ఎనిమిదోసారి అందుకుంది. మామ ఒట్టి కాళ్ళతో లేచి కళ్ళెం పట్టుకున్నాడు. "నడువు తల్లీ, ఇంటికి పోదాం."

నరేశ్ దూకేశాడు. కొత్త బూట్లు చీలమండల దాకా బురదలోకి దిగాయి. "ముందుకాళ్ళకు నాడాలెందుకు లేవు మామా?"

 మామ నా వైపు చూశాడు. నరేశ్ కూడా నా వైపు చూశాడు. 

"అన్నా... నా రూము తలుపుకున్నది... దీనిదేనా?"

నోరు తెరిస్తే ఏదో ఒక ధర చెప్పే మనిషిని. ఆ రోజు తల ఊపానంతే.

నరేశ్ మెడలో దండ తీసి బ్యాండు అతని చేతిలో పెట్టి, ముత్యానికి రెండో పక్క నిలబడ్డాడు. ఇద్దరూ ఆమెను మెల్లగా వెనక్కి తిప్పారు. ఊరేగింపు ఎటు పోవాలో తెలియక అదీ వెనక్కి తిరిగింది. ఒట్టికాళ్ళ ముసలాయన, బురదబూట్ల ఆఫీసరు, చెప్పులేసుకున్న గుర్రం, వెనక ఏదో చావుకు వాయిస్తున్నట్టు నెమ్మదిగా పెళ్ళిపాట. పదకొండోసారి. అందరికంటే వెనక నేను, జేబులో కరిగిపోయిన బెల్లంతో.

మర్నాడు పొద్దున్నే నరేశ్ నాడా పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. నేను దుకాణం తలుపుది పీక్కొచ్చాను. రెండూ, కబురందుకుని వచ్చిన ఖాజా భాయ్ ముందు పెట్టాం. ఆయన వాటిని ముట్టుకోలేదు. గిట్టలు రెండూ చూశాడు, వేలితో నొక్కి చూశాడు, వాసన చూశాడు.

"లోపల చీము పట్టింది. ఇది నిన్నటిది కాదు," అన్నాడు.

"నాడాలు తెచ్చినం కదా భాయ్. కొట్టు," అన్నాను.

"దేనికి కొట్టాలె సేఠ్? మేకు దిగాలంటే గిట్టకు అంచుండాలె. అంచేది?"

కోసి, కడిగి, కట్టు కట్టి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, నాలుగు నెలలు వైద్యం చేశాడు. ముత్యం బతికింది. మళ్ళీ నడిచింది కూడా. కానీ ఖాజా భాయ్ తేల్చి చెప్పేశాడు. "ఇగ రోడ్డు బంద్ యాదన్నా. బరువు బంద్. మెత్తటి మట్టి మీదనే బతకాలె."

మెత్తటి మట్టి అంటే అంబర్‌పేట్. మామ ఏది తన వల్ల కాదన్నాడో చివరికి అదే చేయాల్సి వచ్చింది. ముత్యం అక్కడ, ఆయన ఇక్కడ. రేకుల షెడ్డులో మంచం ఒక్కటే మిగిలింది. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు, ఉలవల మూట చంకలో. మధ్యలో మా దుకాణంలో కూర్చుని తలపాగాలు చుడతాడు. పెళ్ళికొడుకులు వస్తే తలపాగా సరిచేసి, "గుర్రం ఉందా మామా?" అని అడిగితే, "హైదర్‌గూడల ఇంకొకాయన కాడ ఉన్నది," అని నంబరు రాసిస్తాడు.

నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఈరోజు వరకు అనలేదు. ఆయన ఒక్క తిట్టు తిట్టి ఉంటే, నేనొకటి చెప్పి, దాన్ని కొంచెం తగ్గించుకుని, ఎక్కడో ఒకచోట తెంపుకునేవాణ్ణి. అవతలివాడు ఏమీ అడగకపోతే బేరం ఎక్కడ మొదలుపెట్టాలి? మా ఇంట్లో అది ఎవరూ నేర్పలేదు.

ఖాజా భాయ్ నాలుగు నెలల పనికి ఎంత చెప్పాడో అంతా, ఒక్క పైసా తగ్గించమనకుండా చేతిలో పెట్టాను. ఆయన నోట్లను ఎండకు పెట్టి ఒక్కొక్కటే పరీక్షగా చూసుకున్నాడు. "సేఠ్, తబియత్ మంచిగున్నదా?" అని నా నుదుటి మీద చెయ్యేసి చూశాడు.

ఆదివారాలు నేనూ అంబర్‌పేట్ పోతాను. ఖాజా భాయ్ వంగితే ముత్యం కాలు ఇస్తుంది. మామ వంగితే అడక్కముందే ఇస్తుంది. నేను వంగితే, ఆ కుడికాలు మెల్లగా వెనక్కి తీసుకుని పొట్ట కింద దాచుకుంటుంది. కోపం లేదు, తన్నదు, కరవదు. జేబులో మూతి పెట్టి బెల్లం తీసుకుంటుంది, కాలు మాత్రం ఇవ్వదు. బెల్లం రెట్టింపు చేసి చూశాను. రెట్టింపూ తినేసింది. కాలు ఇవ్వలేదు. నా మొత్తం జీవితంలో, ఉన్నదంతా తీసుకుని తాను ఒక్క అంగుళం కూడా దిగిరాకుండా నిలబడిన గిరాకీ ఆమె ఒక్కతే.

అందుకని, వేలాడుతున్న ఈ తలపాగాల సాక్షిగా, తిరగని ఈ ఫ్యాను సాక్షిగా, ప్రమాణం చేస్తున్నాను. తెలిసినవాళ్ళు ఇద్దరు రెండు మాటలు చెబితే ఏదో ఒకదాన్ని పట్టుకుంటాను. రెంటినీ సగానికి కోసి అతికించను. నాలుగు కాళ్ళున్నది మంచమైనా సరే, నాలుగింటికీ ఒకే న్యాయం చేస్తాను.

దేవుడికి ఎగ్గొట్టిన యాభైనాలుగు ప్రదక్షిణలు కూడా మొన్న ఎండాకాలం తీర్చేశాను. మిట్టమధ్యాహ్నం, కాలుతున్న బండల మీద. కుంటుకుంటూ దుకాణానికి వచ్చి కూర్చుంటే మామ తలపాగా చుట్టడం ఆపాడు.

"కాళ్ళు కాలినయా బిడ్డా?"

"కాలినయ్ మామా."

ఆయన "ఊఁ" అన్నాడు. మళ్ళీ తలపాగాలో పడ్డాడు. చూపు ఎత్తకుండానే, బల్ల కింద నుంచి, తన రబ్బరు చెప్పులు నా వైపు జరిపాడు.

ఒకటి కాదు. రెండూ.